తప్పు జరగకముందే పట్టుకుని రిజిస్టర్‌లో రాస్తే నాకే మెమో ఇచ్చారు. ఇకమీదట రాయాలా వద్దా?

రాత్రిడ్యూటీ_కర్నూలు
కర్నూలులో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. ఆరేళ్ల సర్వీసు. జరిగింది జరిగినట్టు చెప్తా, మీరే చెప్పండి.

పోయిన మంగళవారం నైట్ డ్యూటీ. వార్డులో 22 మంది పేషెంట్లు. నేనొక్కదాన్నే, తోడుగా ఒక ఆయమ్మ. రాత్రి 2:40కి ఒకాయనకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వాలి. అది పొడి మందు, స్టెరైల్ వాటర్‌లో కలిపి ఎక్కించాలి. ట్రేలోంచి 10 ఎంఎల్ ప్లాస్టిక్ ఆంప్యూల్ తీసి మెడ తిప్పి తెరిచా. సిరంజిలోకి లాగబోయే ముందు లైటు కిందకి తెచ్చి లేబుల్ చూశా. వాటర్ కాదు, పొటాషియం క్లోరైడ్ (కేసీఎల్). రెండూ ఒకే సైజు, లోపల రెండూ నీళ్లలాగే ఉంటాయి, అక్షరాలు ఒకే నీలం రంగు. ఒకే ట్రేలో పక్కపక్కన పెట్టారు. కేసీఎల్ సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది.

రెండు నిమిషాలు అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోయా. చేతులు వణికాయి. తర్వాత దాన్ని పారేసి సరైనది తీసి ఇచ్చా. పేషెంటుకి ఏమీ కాలేదు, ఆయనకు అసలు తెలియదు.

పొద్దున డ్యూటీ దిగేముందు ఇన్సిడెంట్ రిజిస్టర్‌లో అంతా రాశా. రెండు ఆంప్యూల్స్ వేరే వేరే చోట పెట్టమని కూడా రాశా. శుక్రవారం మెమో వచ్చింది. "మందుల విషయంలో నిర్లక్ష్యం వహించినందుకు 3 రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను." ట్రే మాత్రం ఇప్పటికీ అట్లే ఉంది.

తోటి స్టాఫ్ అంతా "నిన్నెవరు రాయమన్నారు? పారేసి ఊరుకుంటే ఎవరికి తెలిసేది?" అంటున్నారు. నిజంగానే ఊరుకోవాల్సిందా?

తుంగభద్ర_ఒడ్డు
నువ్వు లేబుల్ చూశావు కాబట్టి ఒక మనిషి బతికినాడు. దానికి మెమోనా? చదువుతుంటేనే ఒళ్లు మండుతోంది.

కొండారెడ్డిబురుజు
ఇంకొకసారి రాయొద్దు అక్కా. మా ఆఫీసులో కూడా ఇంతే. చెప్పినోడిదే తప్పు.

ఎర్రగుంట్ల_సిమెంట్
@కొండారెడ్డిబురుజు, అట్ల చెప్పొద్దు బ్రదర్. ఈ అక్క రాయడం మానేస్తే ఇంకో రాత్రి ఇంకొక నర్సు అదే ట్రేలో చెయ్యి పెడుతుంది. ఆమె లైటు కిందకి తెచ్చి చూస్తుందని గ్యారంటీ ఏముంది?

సిమెంట్ ఫ్యాక్టరీల్లో 14 ఏళ్లు చేశా. మేం దీన్ని నియర్ మిస్ అంటాం. దెబ్బ తగలకుండా పాఠం దొరికిందంటే అంతకంటే చవకైన పాఠం లేదు.

డోన్_ఎల్‌సీ
లైన్‌మన్‌ని. మా కథ వినండి.

లైన్ మీద పని చేయాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. ఆపరేటర్ కరెంటు తీసేసి, లైన్ ఫలానా మనిషికి ఇచ్చానని రాసుకుంటాడు. పని అయ్యాక ఎల్‌సీ తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. అప్పుడే లైన్‌లోకి మళ్లీ కరెంటు వదులుతారు. ఇది రూలు.

ఒకరోజు 11 కేవీ లైన్ మీద మేం ఇద్దరం, రెండు స్తంభాల దూరంలో. వాన పడేలా ఉంది. కింద ఉన్న హెల్పర్ మా పని అయిపోయిందనుకుని, నా ఫోన్ నుంచి ఆపరేటర్‌కి "అయిపోయిందన్నా, ఇచ్చేయ్" అన్నాడు. నా నంబరు కదా, ఆపరేటర్ నేనే అనుకున్నాడు. కానీ గొంతు తేడాగా ఉందని అనుమానం వచ్చి "పైన ఎంతమంది ఎక్కినారు, ఎంతమంది దిగినారు?" అని అడిగినాడు. హెల్పర్ తలెత్తి చూస్తే నేను ఇంకా పైనే ఉన్నా.

దిగినాక ఆ పిల్లోణ్ణి కొడదామన్నంత కోపం వచ్చింది. మా ఏఈ సార్ కొట్టనీయలేదు, మెమో కూడా ఇవ్వలేదు. అందర్నీ కూర్చోబెట్టి ఏం జరిగిందో వాడి నోటితోనే చెప్పించినాడు. ఆరోజు నుంచి మా సెక్షన్‌లో ఎవరు ఎల్‌సీ ఇచ్చినా ఆపరేటర్ పేరు అడుగుతాడు, ఎంతమంది దిగినారో లెక్క అడుగుతాడు. వాణ్ణి కొట్టి పంపింటే ఆ ఆపరేటర్ అడిగిన ప్రశ్న ఆరోజుతోనే పోయేది.

తుంగభద్ర_ఒడ్డు
@డోన్_ఎల్‌సీ ఆ ఆపరేటర్‌కి ఒక బిర్యానీ బాకీ పడ్డావన్నా నువ్వు.

డోన్_ఎల్‌సీ
ప్రతి ఉగాదికీ ఇంటికి పిలిచి పెడతా. ఇప్పటికి ఏడు అయినాయి.

నంద్యాల_నర్సింగ్‌హోమ్
అందరూ ఆమె వైపే మాట్లాడుతున్నారు, రెండో వైపు నేను చెప్తా. 30 పడకల నర్సింగ్ హోమ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటా. రిజిస్టర్‌లో "పొరపాటున పొటాషియం తీశాను" అని ఉంటే రేపు ఆ కాగితం బయటికి పోతే? బంధువులు వచ్చి అద్దాలు పగలగొడితే ఎవరు అడ్డం నిలబడతారు? లేబుల్ చదవడం నర్సింగ్‌లో మొదటి పాఠం. చదవకుండా ఆంప్యూల్ తెరవడం తప్పే కదా. తప్పుకి అడగకపోతే క్రమశిక్షణ ఎక్కడుంటుంది?

రాత్రిడ్యూటీ_కర్నూలు
సార్, తప్పు కాదని నేను అనలేదు. తీసేటప్పుడు, కలిపేటప్పుడు, ఇచ్చేముందు మూడుసార్లు చూడాలి. ఆ రాత్రి మొదటిసారి చూడలేదు, రెండోసారి చూశా. అదే రాశా.

గుంతకల్లు_లోకో
@నంద్యాల_నర్సింగ్‌హోమ్ సార్ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. నేను లోకో పైలట్‌ని. రెడ్ సిగ్నల్ దాటితే మమ్మల్ని అక్కడికక్కడే బండి దింపేస్తారు, ఎంక్వైరీ తప్పదు. వెనక వెయ్యి మంది కూర్చుని ఉంటారు. అక్కడ కఠినంగా ఉండాల్సిందే.

కానీ రైల్వే శిక్ష ఒక్కదాన్నే నమ్ముకుని బండి నడపదు. సిగ్నల్ కనపడగానే నేను చెయ్యి చాపి "గ్రీన్" అని గట్టిగా అంటా, పక్కన అసిస్టెంట్ కూడా చూసి గట్టిగా అదే అంటాడు. రాత్రి మూడింటికి మనిషి కన్ను చూస్తుంది, బుర్ర నిద్రపోతుంది. నోటితో పలికితే బుర్ర లేస్తుంది. మీరూ ఆంప్యూల్ పేరు బయటికి చదవండి అక్కా. ఒక్కరే ఉన్నా సరే.

కడప_కారందోశ
గుంతకల్లు అన్న చెప్పింది నిజం. మా నాయన గ్యాస్ కట్టేశానని నోటితో అనకుండా ఇంట్లోంచి కదలడు. నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వం.

డాక్టర్_అనంత
సర్జన్‌ని, అనంతపురం. కాస్త పొడుగ్గా రాస్తా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్‌కి ఒక చెక్‌లిస్ట్ ఇచ్చింది. 19 అంశాలు, ఒక పేజీ. మత్తు ఇచ్చేముందు కొన్ని, కోత పెట్టేముందు కొన్ని, పేషెంట్‌ని బయటికి పంపేముందు కొన్ని. ఎనిమిది నగరాల్లో పరీక్షించారు, అందులో ఢిల్లీ ఒకటి. 2009లో ఫలితాలు వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు.

మా థియేటర్‌లో మొదలుపెట్టినప్పుడు నాకే చిరాకేసింది. ఇరవై ఏళ్లుగా చేస్తున్నా, పేషెంట్ పేరు నన్ను అడుగుతారేంటి అని. రెండో నెలలో ఒక హెర్నియా కేసు. కోతకి ముందు అందరం ఆగి పేరు, ఆపరేషన్, ఏ వైపు అని చెప్పుకోవాలి. నేను "కుడి" అన్నా. థియేటర్ బాయ్ మెల్లగా "సార్, నేను షేవ్ చేసింది ఎడమ వైపు" అన్నాడు. కేస్‌షీట్ చూస్తే ఎడమే. ఆ కాగితం లేకపోయింటే ఆ అబ్బాయి నా ముందు నోరు తెరిచేవాడు కాదు. చెక్‌లిస్ట్‌లో గళ్లు నింపడం పెద్ద విషయం కాదు. చిన్న ఉద్యోగి పెద్ద డాక్టర్‌ని ఆపొచ్చు అనే హక్కు ఆ పేజీ ఇస్తుంది. అదీ సంగతి.

ఇంకో మాట. అమెరికాలో సియాటిల్‌లో వర్జీనియా మేసన్ అనే ఆస్పత్రి ఉంది. 2004లో అక్కడ ఒక పేషెంటుకి ఎక్స్‌రే డై బదులు యాంటీసెప్టిక్ ద్రావణం ఎక్కించారు, ఆమె చనిపోయింది. రెండూ రంగులేని ద్రవాలే, గిన్నెలకు లేబుళ్లు లేవు. ఇక్కడ కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది. ఆ ఆస్పత్రి దాచలేదు. తప్పు మాదేనని బయటికి చెప్పి, లేబుల్ పద్ధతినే మార్చింది. చెల్లెమ్మా, వాళ్లు ఒక ప్రాణం పోయాక నేర్చుకున్నది మీ ఆస్పత్రికి మీరు ఉచితంగా రాసిచ్చారు.

పెనుకొండ_బీషిఫ్ట్
డాక్టర్ సార్ చెప్పిన ఆస్పత్రి పేరు మా ట్రైనింగ్‌లో విన్నా. వాళ్లు 2002 ప్రాంతంలో టయోటా ఫ్యాక్టరీ పద్ధతి చూసి తెచ్చుకున్నారని చెప్పారు.

నేను కార్ల లైన్‌లో ఫిట్టర్‌ని. మాకు పైన తాడు ఉంటుంది. బోల్టు సరిగ్గా పట్టలేదని అనుమానం వస్తే లాగుతాం. పాట మోగుతుంది, లైటు వెలుగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకుంటూ వస్తాడు. లైన్ వెంటనే ఆగదు. కారు నేల మీద గీత దాటేలోపు సరిచేస్తే పోతూనే ఉంటుంది, చేయలేకపోతే ఆగుతుంది. చేరిన కొత్తలో తాడు లాగాలంటే భయం. అందరూ నన్నే చూస్తారని. మొదటిసారి లాగినప్పుడు టీమ్ లీడర్ వచ్చి ముందు థాంక్స్ అన్నాడు, తర్వాత ఏమైందని అడిగాడు. ఆ వరస నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎవరు చేశారు అని ఎప్పుడూ అడగరు. ఎందుకు జరిగింది అని అడుగుతారు, జవాబు మీద మళ్లీ ఎందుకు, అట్ల ఐదుసార్లు. మీ కేసులో చేసి చూద్దామా?

రాత్రిడ్యూటీ_కర్నూలు
అడగండి బ్రదర్.

పెనుకొండ_బీషిఫ్ట్
వాటర్ బదులు కేసీఎల్ ఎందుకు తీశారు?

రాత్రిడ్యూటీ_కర్నూలు
ఒకేలా ఉన్నాయి, పక్కపక్కన ఉన్నాయి.

పెనుకొండ_బీషిఫ్ట్
పక్కపక్కన ఎందుకు ఉన్నాయి?

రాత్రిడ్యూటీ_కర్నూలు
10 ఎంఎల్ ఆంప్యూల్స్ అన్నీ ఒకే ట్రేలో వేస్తారు. సైజు ప్రకారం సర్దుతారు.

పెనుకొండ_బీషిఫ్ట్
అసలు కేసీఎల్ వార్డులో ఎందుకు ఉంది?

రాత్రిడ్యూటీ_కర్నూలు
రాత్రి 11 తర్వాత మా ఫార్మసీ మూసేస్తారు. ఎవరికైనా అవసరం వస్తుందని పది ముందే తెచ్చి పెడతాం.

ఎర్రగుంట్ల_సిమెంట్
మూడో ప్రశ్నకే దొరికింది చూడండి. నిర్లక్ష్యం నర్సు దగ్గర మొదలు కాలేదు, ఫార్మసీ షట్టర్ దగ్గర మొదలైంది.

డాక్టర్_అనంత
కరెక్ట్. గాఢమైన పొటాషియం వార్డు ట్రేలో ఉండకూడదన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. తాళం వేసిన డబ్బాలో, ఎర్ర స్టిక్కర్‌తో, విడిగా పెట్టాలి. తీసేటప్పుడు ఇంకొకరు చూడాలి.

నంద్యాల_నర్సింగ్‌హోమ్
తాళం వేస్తే ఎమర్జెన్సీలో తాళంచెవి కోసం వెతుక్కోవాలి. అప్పుడు ప్రాణం పోతే మళ్లీ మమ్మల్నే అంటారు.

డాక్టర్_అనంత
అడ్రినలిన్, అట్రోపిన్ లాంటి ఎమర్జెన్సీ మందులైతే మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం, వాటికి తాళం వేయకూడదు. పొటాషియం అట్లాంటిది కాదు సార్. సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించేది. తాళం తీయడానికి రెండు నిమిషాలు పడితే నష్టం లేదు.

నంద్యాల_నర్సింగ్‌హోమ్
అది ఒప్పుకుంటా. మా దగ్గర కూడా ట్రేలోనే ఉన్నాయేమో రేపు చూస్తా. కానీ మెమో విషయంలో నా అభిప్రాయం మారలేదు.

ల్యాబ్_అనంతపురం
మెమోల భయం ఎంత దూరం పోతుందో చెప్తా. ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా జూనియర్ ఒకమ్మాయి రక్తం తీశాక సూదికి మూత పెట్టబోయి వేలికి గుచ్చుకుంది. సూదికి మళ్లీ మూత పెట్టొద్దని రూలు. తిడతారని ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత బాత్రూంలో ఏడుస్తుంటే అడిగా. ఆ పేషెంట్ హెచ్‌ఐవీ పాజిటివ్.

గుచ్చుకున్న వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, కుదిరితే రెండు గంటల్లోపే, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టాలి. 28 రోజులు వాడాలి. ఆ అమ్మాయికి ఆ గడువు దాటిపోయింది. దేవుడి దయవల్ల పరీక్షలన్నీ నెగటివ్ వచ్చాయి. కానీ మూడు నెలలు ఆ పిల్ల అన్నం సరిగ్గా తినలేదు. పెళ్లి సంబంధం కూడా ఆపించుకుంది. గుచ్చుకోవడం వల్ల కాదు, చెప్పడానికి భయపడటం వల్ల ఇదంతా.

సూదులు వేసే తెల్ల డబ్బా మా దగ్గర గది అవతలి మూల ఉండేది. అంతదూరం మూత లేని సూది పట్టుకుని పోలేక మూత పెట్టేవాళ్లం. ఇప్పుడు రక్తం తీసే కుర్చీ పక్కనే పెట్టించా. ఎవరూ మూత పెట్టడం లేదు.

కొండారెడ్డిబురుజు
రాయొద్దని మొదట అన్నది నేనే. ల్యాబ్ అక్క పోస్ట్ చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఎర్రగుంట్ల_సిమెంట్
ఇంకో జబ్బు ఉంది, అది కూడా చెప్పాలి. నేను మొదట చేసిన ఫ్యాక్టరీలో గేటు దగ్గర బోర్డు ఉండేది, ప్రమాదం లేని రోజులు ఇన్ని అని. 400 దాటితే అందరికీ స్వీట్ బాక్స్, గడియారం. 380ల్లో ఉండగా ఒకతని వేలు కన్వేయర్ రోలర్‌లో నలిగింది. రోలర్ తిరుగుతుండగానే రాయి తీయబోయాడు. కుట్లు వేయించి మరుసటి రోజే రప్పించి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టారు, హాజరు పడాలని. డ్యూటీ పోలేదు కాబట్టి బోర్డు మీద అంకె ఆగలేదు. గడియారం నాకూ వచ్చింది. ఇంట్లో పెట్టుకోబుద్ధి కాలేదు.

తర్వాతి ఫ్యాక్టరీలో దీనికి తలకిందులు. నెలకు మనిషికి రెండు నియర్ మిస్‌లు రాయాలని టార్గెట్. నెలాఖరున అందరూ "నేల మీద ఆయిల్ పడి ఉంది" అని రాసేవాళ్లు. ఒకే ఆయిల్ మరక మీద తొమ్మిది కాగితాలు.

రాయిస్తే సరిపోదు, రాసినదానికి ఏం చేశారో రాసినవాడికి తెలియాలి. మా ఇప్పటి ఇన్‌చార్జ్ పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్‌లో నిన్న ఎవరు ఏం రాశారు, ఏం మార్చాం అని రెండు ముక్కలు చెప్తాడు. కన్వేయర్ ఆపడానికి పక్కన లాగే తాడు వదులైందని ఒక కాంట్రాక్ట్ హెల్పర్ రాస్తే మధ్యాహ్నానికి బిగించారు. ఆ తర్వాత వాడే వారానికొకటి పట్టుకొస్తున్నాడు, అన్నీ పనికొచ్చేవే.

కలసపాడు_పల్లె
మా మండలంలోనే మామిళ్లపల్లె. 2021 మే 8న క్వారీ దగ్గర జెలటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి 10 మంది పోయినారు. తర్వాత కమిటీ వేసినారు, పెద్దపెద్దోళ్లు వచ్చినారు. మనుషులు పోయినాక రాసే కాగితానికి ఉన్న విలువ, పోకముందు ఈ అక్క రాసిన కాగితానికి ఎందుకు లేదు? అంతే నా ప్రశ్న.

కడప_కారందోశ
ఈ మాట దగ్గర కాసేపు ఆగిపోయా అన్నా.

నందికొట్కూరు_రైతుబిడ్డ
పేషెంట్ వైపు నుంచి ఒకటి. మా అమ్మకు షుగర్. ఇన్సులిన్ బుడ్డి 40 యూనిట్లది. ఎప్పుడూ ఎర్ర మూత సిరంజి వాడేది. ఒకసారి మెడికల్ షాపులో అవి లేవని నారింజ మూతవి ఇచ్చినారు. అవి 100 యూనిట్ల బుడ్డికి వాడేవి. మాకేం తెలుసు? 20 గీత దాకా లాగేవాళ్లం. నిజానికి లోపలికి పోయింది 8 యూనిట్లే. రెండు వారాలు షుగర్ దిగలేదు, డాక్టర్ డోసు పెంచినాడు. మూడోసారి పోయినప్పుడు ఒక నర్సమ్మ "సిరంజి తెచ్చినారా, చూపించండి" అన్నది. మూత రంగు చూసి పట్టేసింది. పాత సిరంజితో పాత డోసే వేయాలి, పెంచిన డోసు వేస్తే షుగర్ పడిపోతుందని మూడుసార్లు చెప్పి నాతో తిరిగి చెప్పించింది. ఆ "తిరిగి చెప్పండి" అన్నదే మా అమ్మను కాపాడింది.

ఆస్పత్రులకు నా విన్నపం ఒకటే. ఇంజెక్షన్ వేసేటప్పుడు "ఇది ఏం మందమ్మా" అని మేం అడిగితే కోప్పడొద్దు. మాకు చదువు లేకపోవచ్చు, కళ్లున్నాయి.

రాత్రిడ్యూటీ_కర్నూలు
@నందికొట్కూరు_రైతుబిడ్డ నేనే కోప్పడిన రోజులున్నాయి అన్నా. ఇకమీదట ముందే పేరు చెప్పి వేస్తా.

అందరి పోస్టులూ ఆయమ్మకు కూడా చదివి వినిపించా. సంజాయిషీ రేపటికి ఇవ్వాలి. ఎట్ల రాయమంటారు?

డాక్టర్_అనంత
క్షమాపణతో మొదలుపెట్టొద్దు. జరిగింది, సమయం, ఎంతమంది పేషెంట్లు, ట్రే ఎట్ల సర్దారు, రాత్రి ఫార్మసీ ఉండదు, ఇంతవరకు ఏమీ మార్చలేదు, వరసగా రాయండి. ట్రే ఫోటో జతచేయండి. పేషెంట్ల పేర్లు మాత్రం రాయొద్దు.

డోన్_ఎల్‌సీ
రెండు ఆంప్యూల్స్ పక్కపక్కన పెట్టి ఫోటో తీయక్కా. మాటలకంటే అది చాలు.

నంద్యాల_నర్సింగ్‌హోమ్
చెప్పినట్టే మా దగ్గర చూశా. రెండు వార్డుల్లోనూ ట్రేలోనే ఉన్నాయి. ఈరోజే తీయించా. మా స్టాఫ్‌లో ఒక్కరు కూడా ఇంతవరకు నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం గురించి ఆలోచిస్తున్నా.

గుంతకల్లు_లోకో
సార్, మీరు ఈ మాట ఇక్కడ రాయడమే గొప్ప.

రాత్రిడ్యూటీ_కర్నూలు
వారం తర్వాత రాస్తున్నా. సంజాయిషీ, ఫోటో రెండూ ఇచ్చా. రెండు రోజులు ఏ జవాబూ లేదు. మొన్న రాత్రి పదింటికి నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ చెప్పకుండా వార్డుకి వచ్చారు. లైట్లు తగ్గించి ఉన్నాయి. ట్రే ముందు నిలబడి "వాటర్ తియ్యి" అని వాళ్లకు వాళ్లే అనుకుని ఒక ఆంప్యూల్ తీశారు. లైటు కిందకి తెచ్చి చూశారు. అది కేసీఎల్. ఏమీ అనలేదు. పదీ తీసి తన చేతిరుమాల్లో మూటకట్టుకుని పోయారు. నిన్నటి నుంచి తాళం డబ్బా వచ్చింది, తాళంచెవి డ్యూటీ నర్సు దగ్గర, తీసేటప్పుడు పక్క వార్డు సిస్టర్ సంతకం. ఫార్మసీ రాత్రి తెరవడం గురించి మాత్రం "చూద్దాం" అన్నారు.

రిజిస్టర్‌లో నా పేజీ తర్వాత ఇంకో చేతిరాత కనిపించింది. 14వ బెడ్ పక్క రెయిలింగ్ గొళ్లెం పడటం లేదని రాసి ఉంది. "నిన్నెవరు రాయమన్నారు" అన్న సిస్టరే రాసింది.

ఎర్రగుంట్ల_సిమెంట్
గొళ్లెం బాగు చేశారా?

రాత్రిడ్యూటీ_కర్నూలు
చేశారు. తీగ కట్టారు ముందు, ఈరోజు వెల్డింగ్ అతను వచ్చాడు.

కొండారెడ్డిబురుజు
మెమో సంగతి ఏమైంది అక్కా? వెనక్కి తీసుకున్నారా?

రాత్రిడ్యూటీ_కర్నూలు
ఇంకా నా ఫైల్లోనే ఉంది.

ల్యాబ్_అనంతపురం
అది ఫైల్లోంచి తీసేదాకా అడగండి. రేపు ప్రమోషన్ అప్పుడు ఆ కాగితం ఒక్కటే మాట్లాడుతుంది, మీరు కాపాడిన మనిషి గురించి ఎవరూ చెప్పరు.

రాత్రిడ్యూటీ_కర్నూలు
శనివారం మేడమ్ రౌండ్స్ ఉన్నాయి. అప్పుడు అడుగుతా.